ఆకాశం వేసిన మరక

మానవజాతిని ఆకాశం బారి నుంచి కాపాడే మహోద్యమం నా లాండ్రీ కౌంటరు దగ్గరే పుట్టిందని చరిత్రకారులు గమనించాలి! పుట్టించింది నేనే. అయినా గర్వపడే స్థితిలో లేను.

ఆ రోజు రిటైరైన హెడ్మాస్టరుగారి నల్లకోటు మీద, దుప్పట్లకని కలిపిన బ్లీచింగ్ నీళ్ళ మగ్గు ఒలికించాను. రెండు ధారలు, రెండు తెల్లచారలు! ఆరేసి చూసినా అవి అలాగే ఉన్నాయి.

ఆయన వచ్చి చూసి, "ఏమిటయ్యా ఇది?" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. 'మీ గుడ్డ పాడైతే మా దుకాణం మూసేస్తాం' అని ముప్పై ఏళ్ళ క్రితం బోర్డు పెట్టుకున్నవాణ్ణి నేనే మరి! దిక్కులు చూశాను. పైన ఒక విమానం రెండు తెల్లగీతలు వదులుతూ పోతోంది.

"మేడ మీద ఆరేశానండీ. ఆ విమానాల్లోంచి ఏవో మందులు చల్లుతున్నారట" అన్నాను.

ఆయన కోటు చూశారు. ఆకాశం చూశారు. "అక్కడా రెండే, ఇక్కడా రెండే!" అన్నారు గంభీరంగా. లెక్కలు చెప్పిన మనిషి!

వారం తిరక్కుండా ఆకాశ పరిరక్షణ సంఘం వెలిసింది. అధ్యక్షులు హెడ్మాస్టరుగారే. రొట్టెల దుకాణం ఆయన తన రొట్టెలు పొంగకపోవడానికి గీతలే కారణమన్నాడు. మా బావమరిది ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళి నెపం గీతల మీద నెట్టాడు. పై అధికారి వెంటనే నమ్మాడట. ఆయన అంతకన్నా ఆలస్యంగా వచ్చాడు మరి.

సంఘం అర్జీ పెట్టింది. ఆకాశం ఏ సెక్షన్ కిందికి వస్తుందో తేలక ఫైలు నెల రోజులు తిరిగింది. పైనుంచి ఏదో పడుతోందంటున్నారు కాబట్టి చివరికి చెత్త విభాగానికి అప్పగించారు. ఆ విభాగం అధికారి వచ్చి కోటులోంచి చిన్న ముక్క కత్తిరించి పరీక్షకు పంపారు. నాకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

ఫలితం వచ్చాక సభ పెట్టారు. అధికారి గొంతు సవరించుకుని చదివారు: "సదరు గుడ్డపై కనుగొనబడిన పదార్థము బ్లీచింగ్ అని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

అయిపోయింది, దుకాణం మూసుకోవడమే అనుకున్నాను.

"చూశారా!" అంటూ రొట్టెలాయన లేచాడు. "విమానాల్లోంచి మన నెత్తిన బ్లీచింగ్ పోస్తున్నారు!"

చప్పట్లే చప్పట్లు!

బతికిపోయాను. కానీ ముందు వరసలో, నెల రోజులుగా పిల్లల్ని బయట ఆడుకోనివ్వకుండా తలుపులేసుకున్న తల్లులు కూర్చున్నారు. వాళ్ళ మొహాలు చూస్తే నిజంగానే సిగ్గేసింది. లేచి నిలబడ్డాను.

"ఆ బ్లీచింగ్ నేను ఒలికించిందే. మగ్గు చెయ్యిజారింది. తప్పు నాదే."

సభ బిత్తరపోయింది. అందరికంటే ముందు మా ఆవిడే తేరుకుంది.

"ఈయన తప్పొప్పుకోవడమా! పాతికేళ్ళ కాపురంలో చూడలేదు. ఎవరో గట్టిగానే బెదిరించారమ్మా!"

ఆ మాటతో సభ నా మీద జాలిపడి, నా దుకాణానికి ఇద్దరు కాపలాదారులను ఏకగ్రీవంగా మంజూరు చేసింది.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరుగారు వచ్చారు. కాపలావాళ్ళను టీ తాగి రమ్మని పంపించి, కౌంటరు మీదికి వంగారు.

"కోటు అందుకున్నప్పుడే బ్లీచింగ్ వాసన కొట్టిందోయ్!"

"మరి అప్పుడే అడగలేదేమండీ?"

"రిటైరై నాలుగేళ్ళయింది. నన్ను చూసి లేచి నిలబడినవాడు లేడు. ఇప్పుడు కుర్చీ తుడిచి మరీ వేస్తున్నారు. నీకేమో నిన్న నిజం చెప్పాలని బుద్ధి పుట్టింది!"

నా మనసు కరిగిపోయింది. "ఇకమీద చెప్పనండీ" అని మాటిచ్చాను.

ఆయన తేలికపడి, సంచిలోంచి కొత్త నీలం కోటు తీసి కౌంటరు మీద పరిచారు.

"ఆదివారం పెద్ద సభ. దీని మీద మూడు చారలు పడాలి. కాస్త లావుగా పోయవోయ్, వెనక వరసకు కూడా కనిపించాలి!"