నక్క నాటిన భల్లూకభోగం

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర వాన కురుస్తుంటే ఆ చివర నిశ్చింతగా వడియాలు పెట్టుకోవచ్చు, అంత పెద్ద అడవిలో జంతువులన్నిటికీ టమాటా పిచ్చి పట్టింది.

మామూలు టమాటా కాదండోయ్. చెర్రీ టమాటా. రేగిపండంత ఉంటుందే, గుత్తులు గుత్తులుగా కాస్తుందే, అది. ఏ గుహ ముందు చూసినా అదే, ఏ బొరియ ముందు చూసినా అదే. విహారానికొచ్చిన మనుషులు వదిలేసి పోయిన రంగురంగుల డబ్బాలు ఏరుకొచ్చి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి, తలుపు పక్కనే పెంచుకునేవారు.

పెంచుకుని ఊరుకుంటే కథే లేదు. పోలికలు మొదలయ్యాయి.

"మా పసుపు కాయ చూశావూ? బంగారు జుంకాలే!" అనేది నెమలి నీలవేణి.

"రంగుదేముందమ్మా, మా నల్లకాయ కొరికితే ఉప్పూ కారం అక్కర్లేదు," అనేవాడు కోతి కోటయ్య. ఆయన కాయలు ఎవరికీ చూపించిన పాపాన పోలేదు. పండగానే తినేసేవాడు.

ఇక నక్క నాగలింగం ఉన్నాడు. ఆయన పెరటితోటల సంఘానికి కార్యదర్శి. పట్నం అంచుదాకా వెళ్లి, అక్కడ చెత్తకుప్పలో సగం మిగిలిన విత్తనాల పాకెట్టు సంపాదించుకొచ్చాడు. నున్నటి కాయ, ఎర్రటి ఎరుపు. దానికి 'భల్లూకభోగం' అని పేరు పెట్టాడు. ఎందుకంటారా? సంఘానికి అధ్యక్షులు ఎలుగుబంటి భల్లూకరాజు గారు కాబట్టి.

"నా పేరెందుకయ్యా నాగలింగం?" అని రాజుగారు మొహమాటపడ్డారు.

"తమరి పేరు పెట్టాకే పూత నిలబడిందండీ," అన్నాడు నక్క. రాజుగారు ఆ రోజంతా వాగులో తన మొహం చూసుకుంటూ గడిపారని చెప్పుకున్నారు.

వీళ్లందరికీ చివర, ముళ్లపంది మాణిక్యమ్మ. ఆవిడ మొక్కకి పేరూ లేదు, వంశమూ లేదు. కాకి రెట్టలో పడి మొలిచింది. కొమ్మలు వాలిపోతుంటే తన ఒంటినుంచి రాలిన ముళ్లనే కర్రలుగా పాతి, గడ్డిపోచతో కట్టింది. పక్కమొలకలు గిల్లేది, కాయని తిట్టేది, తనకి తోచిన సేవ చేసేది. అయితే ఒకటి, ఆవిడ ఇల్లు ఎండబండ కింద.

ఎండబండ అంటే ఆ అడవికి ప్రాణం లాంటి చోటు. చుట్టూ టేకులూ మద్దులూ కమ్మేసి ఎక్కడా వెలుతురు ఆనదు కదా, ఆ బండ మీద మాత్రం పొద్దుటినుంచీ ఎండ పరుచుకునుంటుంది. టమాటాకి ఎండకంటే ఎరువేముంది? అందుకే నాగలింగానికి ఆ బండ మీద కన్ను.

సభ పెట్టించాడు.

"అధ్యక్షా! మంచి చోటు మంచి మొక్కకి దక్కాలి. పోటీ పెడదాం. ఎవరి కాయ రుచిగా ఉంటే ఎండబండ వాళ్లది. పైనా వాళ్లదే, కిందా వాళ్లదే!"

"కింద నా ఇల్లుందిరా అబ్బీ!" మాణిక్యమ్మ లేచింది. లేచిందంటే ముళ్లతో సహా లేచింది. పక్కనున్న కోటయ్య చప్పున చెట్టెక్కేశాడు.

"ఇల్లెక్కడికీ పోదు వదినా," అన్నాడు నక్క చేతులు కట్టుకుని. "పోతే గీతే మీరు పోతారు."

భల్లూకరాజు గారు గడ్డం గోక్కున్నారు. ఆయనకి ఎవరు చివర మాట్లాడితే వాళ్లది న్యాయంగా తోస్తుంది. నక్క ఆ సంగతి ఎరిగి, మాణిక్యమ్మ రొప్పు తీర్చుకునేలోగా ఇంకోసారి మాట్లాడేశాడు. తీర్మానం పాసైపోయింది.

ఇక్కడ మీకొక పద్ధతి చెప్పాలి. ఆ అడవిలో పెరటి మొక్కలకి నీళ్లు ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు పోసుకోడానికి లేదు. వాగు అందరిదీ కనక వంతులు పెట్టుకున్నారు. ఏనుగు గంభీరయ్య ఇంటింటికీ వచ్చి ఒక తొండం నీళ్లు పోసి వెళతాడు. ఎవరికెంత అన్నది కార్యదర్శి చెప్పాలి. గంభీరయ్య మంచివాడే, కానీ పైనుంచి మాట వస్తే తప్ప చెవి కూడా విసరడు.

మాణిక్యమ్మ మొక్కకి పిందె పడి, కాస్త ఊరుతున్న సమయం చూసుకుని నాగలింగం గంభీరయ్యని చాటుకి పిలిచాడు.

"ఆ బండ దగ్గర వంతు ఆపెయ్. ఆ తొండం కూడా తెచ్చి మా ఇంట్లో పొయ్యి."

"ఆవిడ అడిగితేనండీ?"

"పరిశీలనలో ఉందని చెప్పు."

మర్నాడు గంభీరయ్య బండ పక్కనుంచి చూడనట్టే నడిచిపోతుంటే మాణిక్యమ్మ దారికి అడ్డం నిలబడింది.

"ఏం గంభీరయ్యా, నా ఇల్లు కనపడలేదా? ఇంత కొండవి, ఆ మాత్రం చూపు లేదా నీకు?"

"మీ వంతు పరిశీలనలో ఉందమ్మా."

"ఎవరు పరిశీలిస్తున్నారు?"

"అది కూడా పరిశీలనలోనే ఉందమ్మా."

"నీ తొండంలో ఉన్నవి నీళ్లే కదా? రెండు చుక్కలు జారిపోయాయనుకో, ఎవడు చూడొచ్చాడు?"

"జారవమ్మా. పైనుంచి మాట రావాలి," అన్నాడు గంభీరయ్య. పాపం, కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆయనకి. అవి కూడా కింద పడనివ్వలేదు.

మాణిక్యమ్మ అధ్యక్షుల వారి దగ్గరికి పరిగెత్తింది. రాజుగారు తేనెపట్టు మీద ఉన్నారు, కలవడానికి వీల్లేదన్నారు. నెమలి దగ్గరికెళితే, "అయ్యో పిన్నీ, మీ కాయలు మరీ చిన్నబోయాయేంటి?" అని తోక సర్దుకుంది.

ఏం చేస్తుంది? ఎండుటాకులు మోసుకొచ్చి మొదట్లో దట్టంగా పరిచింది. తెల్లారగట్ల మంచు పడితే ఆ ఆకుల కింద కాస్త తడి నిలిచేది. అదే తిండి, అదే తీర్థం. మధ్యాహ్నానికి మొక్క తల వేలాడేసేది, సాయంత్రానికి మళ్లీ లేచేది. కాయలు మాత్రం ఊరడం మానేశాయి. రేగిపండంత కావలసినవి శనగగింజంత దగ్గరే ఆగిపోయి, అంతలోనే ఎర్రబడడం మొదలెట్టాయి. వాటిని చూసి ఆవిడ రోజూ ఒక ఏడుపు ఏడ్చేది. ఏడ్చి, వెళ్లి సామాను సర్దుకునేది. దుంపలన్నీ ఒక పక్క, పిల్లల పడకగడ్డి ఒక పక్క. సర్దడం, మళ్లీ విప్పడం.

అటు నాగలింగం ఇంట్లో జాతర! రెండు తొండాల నీళ్లు. భల్లూకభోగం ఇంతింత ఊరింది. నిమ్మకాయంతయింది. "చూశారా, చెర్రీ అంటారా దీన్ని? చెండు అనాలి!" అని దారినపోయే వాళ్లందర్నీ పిలిచి చూపించేవాడు. ఒకరోజు బండ దగ్గరికి కూడా వచ్చాడు, కొలతలు చూసుకోడానికి.

"వదినా, వెళ్లేటప్పుడు ఆ ముళ్లు ఏరుకుని పోండి. నాకు గుచ్చుకుంటాయి."

"గుచ్చుకోడానికి పాత ముళ్లెందుకు తమ్ముడూ? కొత్తవే ఉన్నాయి, దగ్గరికి రా," అంది మాణిక్యమ్మ. ఆయన రాలేదు.

పోటీ రోజు వచ్చింది. పొద్దున్నే నాగలింగానికి ఇంకో ఆశ పుట్టింది. కాయలు మిలమిలలాడాలని గంభీరయ్య చేత ఇంకో తొండం పోయించాడు. చెప్పొద్దూ, అప్పటికే కడుపులు నిండి ఉన్నాయేమో, టప్ టప్‌మని కాయలన్నీ నిలువునా పగిలాయి. కంగారుపడి పగులు అడుగుకి పెట్టి, మోదుగాకులో పేర్చి తీసుకొచ్చాడు.

అడవంతా చేరింది. రాజుగారు మీసాలు తుడుచుకుని కూర్చున్నారు. ఆయనకి తేనె తప్ప ఇంకో రుచి తెలీదని గిట్టనివాళ్లంటారు గానీ, తీపి ఎక్కడుందో ఆయన నాలుకకి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

ముందు నెమలి పసుపు కాయ. కొరికారు. నమిలారు. నమిలారు. ఇంకా నమిలారు.

"బాగుందమ్మా. తోలు నమలడం ఎప్పటికవుతుంది?"

నీలవేణి తోక ముడుచుకుంది. తర్వాత కోతిని పిలిచారు.

"నీ నల్లకాయలేవయ్యా?"

"దార్లో ఆకలేసిందండీ. రుచి మాత్రం అద్భుతం. సాక్ష్యం నేనున్నాను కదా!"

కోటయ్యని పక్కన కూర్చోబెట్టి భల్లూకభోగం తెప్పించారు. ఆకు విప్పగానే జనం ఆహా అన్నారు. అంత పెద్ద కాయ మరి! రాజుగారు తన పేరున్న పండు కదా అని కళ్లు మూసుకుని, భక్తిగా, నిండుగా కొరికారు.

జలజలా నీళ్లు కారాయి. గడ్డం తడిసింది, ఛాతీ తడిసింది. రాజుగారు కళ్లు తెరిచారు.

"నాగలింగం! ఇది పండా, వాగా?"

"రసం ఎక్కువండీ అధ్యక్షా..."

"రసం కాదయ్యా, నీళ్లు! చప్పటి నీళ్లు! దీనికి నా పేరు పెట్టావా? అంటే పైకి ఇంత ఒళ్లుండి లోపల ఏమీ లేదనా నీ ఉద్దేశం?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరన్నది తేలలేదు.

చివరికి మాణిక్యమ్మ వచ్చింది, సామాను మూట వీపున పెట్టుకునే వచ్చింది. ఓడిపోగానే అటునుంచి అటే వెళ్లిపోదామని. దొప్పలో ముడుచుకుపోయిన చిన్న చిన్న కాయలు. నెమలి మొహం తిప్పుకుంది.

రాజుగారు అయిష్టంగా ఒకటి నోట్లో వేసుకున్నారు.

ఇంకోటి వేసుకున్నారు. ఆ తర్వాత దొప్ప ఒళ్లోకి లాక్కున్నారు. తీపీ పులుపూ రెండూ పోటీపడి నాలుక మీద కబడ్డీ ఆడుతున్నట్టుందని తర్వాత ఆయనే చెప్పారు.

"అమ్మా మాణిక్యమ్మా, ఏం పోశావు దీనికి?"

"ఏం పోశానా? నీళ్లే పొయ్యలేదు మహాప్రభో! పొయ్యనిస్తే కదా!"

"ఎవరాపారు?"

అందరూ గంభీరయ్యని చూశారు. గంభీరయ్య పైనుంచే మాట వచ్చింది కనక హాయిగా చెప్పేశాడు. "కార్యదర్శి గారండీ. బండ వంతు ఆపి ఆయన మొక్కకే పొయ్యమన్నారండీ. రోజూ రెండు తొండాలు, ఇవాళ ఇంకోటి."

అడవంతా నాగలింగం వైపు తిరిగింది. మాణిక్యమ్మ ముళ్లు టకటకలాడాయి. కానీ నక్క నక్కే కదండీ. ఒక్క క్షణం తడబడి, చిరునవ్వు తెచ్చుకున్నాడు.

"అధ్యక్షా, బయటపడిపోయింది గనక చెబుతున్నాను. అది నా పరిశోధన! పిందె ముదిరాక నీళ్లు తగ్గిస్తే రుచి కాయలోనే చిక్కబడుతుంది. ఈ రహస్యం లోకానికి చూపించడానికే నా మొక్కని బలిచ్చి, వదిన మొక్కని నిలబెట్టాను. నా త్యాగం నేను చెప్పుకోకూడదు."

మాణిక్యమ్మ ఏదో అనబోయింది గానీ, చివర మాట్లాడింది నక్కే కదా, రాజుగారి కళ్లు చెమర్చాయి.

"ఎంత గొప్పవాడివయ్యా! ఎండబండ మాణిక్యమ్మదే. పైనా ఆవిడదే, కిందా ఆవిడదే. ఇక నీ త్యాగం ఊరికే పోనిస్తామా? గంభీరయ్యా! ఇవాళ్టినుంచి కార్యదర్శి గారి ఇంట్లో చుక్క నీళ్లు పొయ్యకు. ఆయన పద్ధతి ఫలం ఆయనే అనుభవించాలి!"

"చిత్తం," అన్నాడు గంభీరయ్య.

టేకాకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. నాగలింగం నవ్వుతూనే దణ్ణం పెట్టాడు, పాపం.

మాణిక్యమ్మ మొక్క లేమిలో పెరిగి వేళ్లు లోతుకి దించుకుంది గానీ, భల్లూకభోగానికి ఆ అలవాటేది? నీళ్లు పైపైన తాగి పెరిగిన ఒళ్లు. ఆ సాయంత్రానికే నడుం వంచేసి, డబ్బా అంచు మీద పడుకుంది. నాగలింగం వాగు దారిలో ఏనుగు కాళ్లు పట్టుకున్నాడు.

"ఒక్క తొండం, గంభీరయ్యా! పోనీ సగం!"

"మీ శాలువా చాలా బాగుందండీ," అన్నాడు గంభీరయ్య. "పైనుంచి మాట రానివ్వండి."

నాలుక పిడచకట్టుకుపోయి ఎండబండ దగ్గరికొచ్చి కూలబడ్డాడు. మాణిక్యమ్మ మూట విప్పి, దుంపలు మళ్లీ ఇంట్లో సర్దుకుంటోంది. ఆయన్ని ఎగాదిగా చూసి, ఒక కాయ తెంపి చేతిలో పెట్టింది.

"తిను తమ్ముడూ. నీ పరిశోధనే."

నాగలింగం కొరికాడు. ఎంత తియ్యగా ఉందో! ఏడుపొచ్చింది. రెండో కాయ అడిగాడు.

"పరిశీలనలో ఉంది," అంది మాణిక్యమ్మ.

నీతి: ఎవరినైనా నిజంగా పాడుచెయ్యాలనుకుంటే వాళ్లకి కడుపునిండా సాయం చెయ్యండి, అడ్డుపడ్డారో, బాగుపడి కూర్చుంటారు.