పారను పార అనే ఊరు

థార్న్‌డేల్ వారు పారను పార అనే అంటారు! లండను పెద్దమనుషుల్లా "మన్ను తీయడానికి పనికొచ్చే వస్తువు కాబోలు" అంటూ నసగడం ఆ యార్క్‌షైర్ ఊళ్లో ఏ ఒక్కరికీ చేతకాదు. ముక్కుసూటితనం వాళ్లకు ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. ఎదుటివాడి టోపీ బాగా లేకపోతే చర్చి మెట్ల మీదే చెప్పేస్తారు.

ఆ ఊరి బ్రాస్ బ్యాండుకు, అంటే ఇత్తడి బాకాల మేళానికి, హిల్డా సగ్డెన్ నాయకురాలు. శనివారం పోటీ. ఈసారీ ఓడితే బ్యాండును కింది తరగతికి దించేస్తారు. చిక్కల్లా కార్నెట్ అనే చిన్న బాకా మీద ఒక్కరే వాయించే సోలోతోనే. క్లిఫర్డ్ ఆక్‌రాయిడ్ పళ్లు కట్టించుకున్నప్పటి నుంచి ఆయన ఊపిరిది ఒక దారి, స్వరానిది ఒక దారి. ఆ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు.

ఆయన లేని సమయం చూసి హిల్డా కమిటీ ముందు విషయం పెట్టింది.

"చెప్పాల్సిందే. మనమేమన్నా లండను వాళ్లమా?" అన్నాడు కోశాధికారి వాల్టర్ బూత్. కమిటీ ఏకగ్రీవంగా తలలూపింది. "కాకపోతే నువ్వు చెప్పు. నీ వెనకాల మేమున్నాం."

వెనకాలే ఉన్నారు, పాపం. గురువారం సాధన అయ్యాక హిల్డా గుండె చిక్కబట్టుకుని క్లిఫర్డ్ ముందు నిలబడింది. చిన్నప్పుడు ఆమెకు స్వరాలు దిద్దించింది ఆయనే.

"బాబాయ్, ఉన్నమాట చెబుతున్నా, ఏమీ అనుకోకు. నీ వాయింపు దెబ్బతింది. శనివారం సోలో ఇంకెవరికైనా ఇద్దాం."

క్లిఫర్డ్ మొహం పాలిపోయింది. "ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు."

"మూడేళ్లూ వీళ్లంతా భుజం తట్టి భలే వాయించావన్నారే?" ఆయన కమిటీ వైపు తిరిగాడు. "ఏం వాల్టర్, నిజమేనా? దాచకుండా చెప్పు."

కమిటీ సభ్యులందరికీ ఒక్కసారే బూటు లేసులు వదులయ్యాయి. వాల్టర్ మాత్రం ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. హిల్డాకు ప్రాణం లేచివచ్చింది.

"నాకు మొహమాటాల్లేవు క్లిఫర్డ్. ఎవరేమనుకున్నా సరే, ఉన్నదున్నట్టు చెప్పేస్తా" అంటూ కుండబద్దలు కొట్టాడు వాల్టర్. "నీ కార్నెట్‌కేం, బంగారం. ఈ హిల్డాకే ఈమధ్య చెవులు సరిగా పనిచేయడం లేదు."

ఎంత ధైర్యంగా చెప్పాడని కమిటీ అంతా చప్పట్లు కొట్టింది. ఆనక ఒక్కొక్కరే హిల్డా దగ్గరికొచ్చి, నిజం కాస్త చేదుగానే ఉంటుంది తల్లీ అని ఓదార్చి వెళ్లారు.