బొగ్గు లేని పడవ

నడిసముద్రంలో అరడజను దేశాల యుద్ధనౌకలు కాపలా తిరగడం వల్ల మనకేం ఒరిగిందని కొందరు సణుగుతున్నారు. వాళ్ళకు కళ్ళు లేవు. ప్రభుత్వాలు కనిపెట్టినవాటిలో ఇంత చల్లని ఏర్పాటు ఇంకొకటి లేదని నేను ఢంకా బజాయించి చెబుతాను!

సంగతేమిటంటే, ఒక దేశం మాట వినడం లేదు. దాని బొగ్గు ఎవరూ కొనకూడదు, దానికి చమురు ఎవరూ అమ్మకూడదు అని పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టాయి. పెట్టి ఊరుకుంటే అవుతుందా? నడిసముద్రంలో దొంగచాటుగా ఒక ఓడలోంచి ఇంకో ఓడలోకి సరుకు మార్చుకోరూ? అందుకని ఈ కాపలా. ఒక దేశం నౌక చూస్తుంది. రెండో దేశం నౌక ఫొటో తీస్తుంది. మూడో దేశం నౌక, ఆ రెండూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూస్తుంది. పైన విమానం తిరుగుతూ ఆ మూడింటినీ చూస్తుంది. కొత్తగా పుట్టిన బిడ్డను కూడా ఇంతమంది చూడరు!

సామాన్యుడికేం లాభం అంటారా? మా బావ బతికి ఉన్నాడు. ఇంకేం కావాలి?

మా అక్క మొగుణ్ణి రేవులో అందరూ తూకం బావ అంటారు. చేపలే కాదు, మాట కూడా తూచి ఇస్తాడు. అబద్ధం ఆడమంటే గొంతులో ముల్లు గుచ్చుకున్నవాడిలా మొహం పెడతాడు. చేప మెత్తబడితే ఆ మాట తనే చెప్పి, కొనడానికి వచ్చినవాణ్ణి పక్క పడవకు పంపే రకం. ఈ గుణం వల్లే ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడు.

ఆ మధ్య తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని వేటకు వెళ్ళాడు. నడిసముద్రంలో డీజిల్ పైపు పగిలింది. రబ్బరు ముక్క చుట్టి బిగించేసరికి డీజిలంతా పడవ అడుగున కారిపోయింది. వైర్‌లెస్ అంతకు ముందే మూగబోయింది. ఇక గాలి ఎటు తోస్తే అటు పోవడమే!

రావలసిన పూట దాటిపోయింది. మర్నాడైనా పడవ జాడ లేదు. అక్క నన్ను తోడు తీసుకుని రేవు ఆఫీసుకు వెళ్ళింది.

"మా ఆయన పడవ రాలేదు బాబూ. వెతకడానికి ఎవర్నయినా పంపండి" అంది.

గుమాస్తా ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు. "పంపడానికి పడవ ఉండాలిగా అమ్మా! ఉన్నదానికి చిల్లు పడింది. గట్టు మీద బోర్లించాం, చూళ్ళేదా?"

"చూశాను. దానికింద కుక్క పిల్లల్ని పెట్టింది."

"మరి? పసిపిల్లల తల్లిని లేపమంటావా?"

"పోనీ, రోజూ మన నెత్తి మీద తిరుగుతున్నాయే విమానాలు, వాటికి చెప్పండి."

"అవి మనవి కావమ్మా. అయినా అవి సరుకు కోసం వెతికేవి, మనుషుల కోసం కాదు."

అక్క గుమాస్తా తల మీదుగా గోడకేసి చూసింది. అక్కడ ఒక రంగుల పోస్టరు ఉంది. అనుమానం కలిగించే పడవ కనిపిస్తే ఫలానా నంబరుకు ఏ వేళనైనా చెప్పండి అని రాసి ఉంది. అక్క నా చేతిలో ఫోను లాక్కుంది.

"హలో! ఒక పడవ మీద అనుమానంగా ఉందండీ. నీలం రంగుది, ముక్కు దగ్గర సొట్ట ఉంటుంది. నిండా బొగ్గేనండీ! ఆఁ? నాకెలా తెలుసా? ఆయన పెళ్ళాన్ని, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?"

ఫోను పెట్టేసి, ఎదురుగా ఉన్న కొట్టు బెంచీ మీద కూర్చుంది. చేతిలో టీ చల్లారకముందే విమానం రివ్వుమని సముద్రం మీదికి పోయింది!

మీ వీధిలో కుళాయి రావడం లేదని మీరెన్నిసార్లు ఫోను చేశారు? ఒక్కసారైనా ఎవరైనా విమానం వేసుకుని వచ్చారా? నిజం చెప్పండి!

అక్కడ పడవలో క్యానులో తాగేనీళ్ళు అడుగంటాయి. బావ తల పైకెత్తితే విమానం కనిపించింది. తల దించితే చుట్టూరా నౌకలు, ఒక్కోదానికి ఒక్కో జెండా. తోడల్లుడు చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు.

"మనకోసం ఇంతమంది వచ్చారా అన్నయ్యా! మన మామగారు ఏనాడైనా గుమ్మం దాకా ఎదురొచ్చాడా?"

"ముందు ఆ చొక్కా తొడుక్కో. పెద్దమనుషులు వస్తున్నారు" అన్నాడు బావ.

దగ్గరికొచ్చిన నౌక మీద మైకు పట్టుకుని ఒక దుబాసీ నిలబడ్డాడు. అతను మన భాషను ఏదో పాత పాఠ్యపుస్తకంలో నేర్చుకున్నట్టున్నాడు.

"ఓ నావికులారా! మీ నౌకయందు బొగ్గు కలదా?"

"లేదు బాబూ."

"చమురు కలదా?"

"అదే ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ణి."

నౌకలన్నీ తమలో తాము సంప్రదించుకున్నాయి. మైకు మళ్ళీ గరగరలాడింది. "మీరు నిర్దోషులని తేలినది. మీకు మా అభినందనలు. ఇక మీరు వెళ్ళవచ్చును!"

"ఎలా వెళ్ళమంటావు? ఒక్క క్యాను డీజిల్ ఇప్పించు నాయనా" అన్నాడు బావ.

మళ్ళీ సంప్రదింపులు. "నడిసముద్రమున ఒక నౌక నుండి మరియొక నౌకకు చమురు మార్చుట నిషిద్ధము. దానిని ఆపుటకే మేము వచ్చితిమి."

"పోనీ, మంచినీళ్ళు?"

"అదియును సరుకే."

"అయితే తాడు కట్టి రేవుకు లాక్కుపొండి."

"నిర్దోషులను లాగుకొనిపోవు అధికారము మాకు లేదు."

ఎంత నిక్కచ్చి మనుషులో చూశారా! లంచం లేదు, మొహమాటం లేదు, దాహం తీర్చడం అసలే లేదు. ఇలాంటి క్రమశిక్షణ మన ఆఫీసుల్లో కాగడా పెట్టి వెతికినా దొరుకుతుందా?

అంతలో అటుగా ఒక పెద్ద ఓడ వచ్చింది. మెడ దాకా నీళ్ళలో దిగి ఆయాసపడుతూ నడుస్తోంది. ముక్కు మీద కొత్తగా పేరు రాశారు. రంగు ఇంకా ఆరలేదు, అక్షరాల కాళ్ళు కిందికి కారుతున్నాయి. బొగ్గు కలదా అని దుబాసీ దాన్నీ అడిగాడు. లేదని జవాబొచ్చింది. "శుభ ప్రయాణము!" అన్నాడు దుబాసీ. ఓడ వెళ్ళిపోయాక తోడల్లుడు తన చొక్కా చూసుకున్నాడు. నల్లటి పొడి.

"అన్నయ్యా, అంత బొగ్గు పెట్టుకుని లేదంటే నమ్మారు. ఏమీ లేకుండా ఉందని మనమంటే నమ్మరా?"

"లేనిది ఉందని ఎలా చెప్పనురా?"

"నోటితో!"

"నువ్వే చెప్పు."

"పడవ నీది. నా మాటకు విలువేముంది? ఇంటిదగ్గర వదిన ముఖం ఒక్కసారి తలుచుకో. ఆ తర్వాత చెప్పకపోతే చెప్పకు."

నౌకలు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి. బావ పడవ అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. మెడనరాలు తాళ్ళలా పొంగాయి.

"ఉంది!" అని అరిచాడు. "బొగ్గు ఉంది! చేపల కింద ఉంది!"

అన్ని దేశాల సైరన్లూ ఒక్కసారి మోగాయి!

"ఎంత కలదు?" అన్నాడు దుబాసీ, ఆనందం పట్టలేక.

బావ "తూచలేదు" అన్నాడు. అదొక్కటే నిజం.

ఇక చూడండి మర్యాద! తాడు కట్టారు. ఖైదీలకు నీళ్ళివ్వచ్చునట, ఇచ్చారు. రొట్టె ఇచ్చారు. కప్పుకోమని దుప్పట్లిచ్చారు. ముందొక నౌక, వెనకొక నౌక, పైన విమానం. వెతికిచూడడం రేవు తనిఖీవాళ్ళ పని కాబట్టి, చేపల కింద చెయ్యి పెట్టి చూద్దామని దారిలో ఒక్కరికీ తోచలేదు.

రేవులో తనిఖీ అధికారి చేపలన్నీ బయటికి తీయించాడు. ఐసు, నీళ్ళు, ఇంకా చేపలు. బొగ్గు లేదు. పాపం, ఆయన మొహం చూడలేకపోయాం.

"బొగ్గు దొరికితే జరిమానా కట్టి వెళ్ళిపోవచ్చు. దొరక్కపోతే, దొరికేదాకా పడవ మా దగ్గరే ఉంటుంది" అన్నాడు.

పడవ ఉంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. బావ ఉన్నమాట చెప్పేద్దామని నోరు తెరవబోయాడు.

"మీరు నోరు మూసుకోండి. ఇవాళ్టికి మాట్లాడింది చాలు" అని అక్క గబగబా కమ్మరి కొలిమికి వెళ్ళింది. లంగర్లు సాగగొట్టే ఆ కమ్మరి దగ్గర ఒక బుట్ట బొగ్గు తీసుకుని, పైన తువ్వాలు కప్పి, పడవలో ఐసు కింద, పెట్టాల్సిన చోటే పెట్టింది. అధికారులు మళ్ళీ వెతికారు. దొరికింది!

ఆ ఆనందం నేను రాయలేను. దుబాసీ బావను కావలించుకున్నాడు. బుట్టను మధ్యలో పెట్టి, చుట్టూ జెండాలు పట్టుకుని ఫొటోలు దిగారు. ఇన్నాళ్ళ కాపలాకు దొరికిన మొట్టమొదటి దొంగసరుకు అదేనట! సంయుక్త ప్రకటన కూడా ఇచ్చారు. జరిమానా కట్టించుకుని పడవ వదిలేశారు.

కాబట్టి సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. ఈత రాకపోయినా ఫరవాలేదు, లైఫ్ జాకెట్ లేకపోయినా ఫరవాలేదు. ఒక బుట్ట బొగ్గు మాత్రం మరిచిపోకండి. మా రేవులో ఇప్పుడు అందరూ అదే పని చేస్తున్నారు. కమ్మరికి కొలిమిలోకి బొగ్గు మిగలడం లేదు.

కిందటి వానల్లో వెళ్ళిన పడవ ఒకటి ఇంకా రాలేదు. వాళ్ళ ఆడవాళ్ళు కూడా ఆ ఆఫీసుకే వెళ్ళారు. పడవలో ఏముందని గుమాస్తా అడిగితే, అమాయకులు, ముగ్గురు మనుషులున్నారని చెప్పారు.