గోల్ఫ్ ఖాందాన్

ఆ పొద్దున రామచంద్రం పెట్టుకున్న పని ఒక్కటే. మూలనున్న మరమగ్గం ఊరికే పోగులు తెంపుతోంది, మేస్త్రీని పిలిచి బాగు చేయించాలి. అంతకు మించి ఆ రోజు తనకేదైనా ఇవ్వాలని అతను ఆశించలేదు. ఆ రోజు కూడా తన జోలికి రాకుండా ఉంటే ఎంత బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

సోలాపూర్ భవాని పేట్‌లో అతనిది తువ్వాళ్లు నేసే చిన్న కార్ఖానా. ముందు మగ్గాలు, వెనక ఇల్లు. మధ్యలో తలుపుంది గానీ దాన్ని ఎవరూ మూసిన పాపాన పోలేదు. భార్య గోదావరి కూర పొయ్యి మీద పెట్టి ఇటొచ్చి తువ్వాళ్ల అంచులు కుట్టేది, మళ్లీ అటెళ్లి అన్నం వార్చేది. ఇల్లు ఎక్కడ అయిపోయిందో, పని ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియదు. అతనికీ తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ తోచనూ లేదు.

మగ్గాలు దడదడలాడుతుండగా ఫోను మోగింది. ముంబైలో ఒక హోటళ్ల కంపెనీకి సరుకు కొనిపెట్టే ఆఫీసరు తుషార్. కొంకణ్ సముద్రం ఒడ్డున కంపెనీ కట్టిన కొత్త హోటల్ త్వరలో తెరుస్తారు. దానికి కావలసిన తువ్వాళ్ల ఆర్డరు దొరికితే రామచంద్రం కార్ఖానా నిలుస్తుంది, దొరక్కపోతే మగ్గాలు తుక్కు బజారుకే.

"సేఠ్, గోల్ఫ్ ఆడతారా?" అని తుషార్ మరాఠీలో అడిగాడు.

ఆ చప్పుడులో రామచంద్రానికి 'గోల్ఫ్' ఒక్కటే చెవిన పడింది. గోల్ఫ్ ఆడేవాళ్లు తమ సంచులకు తగిలించుకునే చిన్న తువ్వాళ్లను అతను ఏళ్ల తరబడి నేస్తున్నాడు. ఆ ఆట మాత్రం ఎన్నడూ చూడలేదు. తువ్వాళ్ల గురించే అడుగుతున్నాడనుకున్నాడు.

"గోల్ఫా? ఎప్పటి సందో సాబ్! మా నాయిన సుత గదే. మా ఇంట్ల ఆడామె అయితే నాకంటె జోరు!" అని మరాఠీలోనే అరిచాడు.

"అబ్బో, ఇంటిల్లిపాదీ ఆడే గోల్ఫ్ ఖాందాన్ అన్నమాట! మా మేడంకి గోల్ఫ్ అంటే ప్రాణం. వచ్చే వారం మా కొత్త మైదానంలో సరుకు ఇచ్చేవాళ్లతో ఆట పెట్టింది. మీరు తప్పకుండా రావాలి. మీ ఆవిడను, మా వహినిని కూడా తీసుకురండి."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో 'ఆట' అన్న మాట గుడిగంటలా వినిపించింది. అప్పుడైనా "తప్పు విన్న సాబ్" అనుంటే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ నాలుక మీద నుంచి దూకింది మాత్రం "వస్త సాబ్" అనే.

ఫోన్లో గోల్ఫ్ వీడియోలు చూసి, మేడ మీద కట్టెతో నిమ్మకాయను కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకే నిమ్మకాయ గోడ దాటి, పక్కింటి బాలమణి చేటలోని బీడీల మీద పడింది. బీడీలు చెల్లాచెదురయ్యాయి.

"ఏంది రామచంద్రన్నా, గీ వయసుల గిల్లి దండా ఆడుతున్నవా?"

"గిల్లి దండా కాదు బాలమణీ, గోల్ఫ్. కంపెనీవాళ్లు పిలిచిన్రు."

చేటలోని బీడీలు కట్టలు కట్టి కంపెనీకి అప్పజెప్పే లోపలే ఆ ముచ్చట పేటంతా తిరిగింది. ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి మారేసరికి కంపెనీ కాస్తా మహారాష్ట్ర టీమ్ అయింది. నేతపని సంఘం పెద్ద లింగయ్య అశోక్ చౌక్‌లో రామచంద్రం ఫొటోతో ఫ్లెక్సీ కట్టించి, శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టాడు.

"మన నేతోళ్ల ఇజ్జత్ నీ చేతుల ఉన్నది తమ్మీ. గెల్సి రా."

ఆ రాత్రి గోదావరి కొత్త చీర మడతపెట్టి సంచిలో సర్దుకుంటూ అడిగింది. "ఇగో, ఇంటున్నరా? నిజంగ మీకు గా ఆట వస్తదా?"

"ఆడ చూస్తే వస్తదే. నువ్వు మాత్రం నేను చెప్పినట్టు విను. రూంల నుంచి బయటకు రాకు."

"ఎందుకు?"

"ఎండ మస్తుంటది," అన్నాడు. అసలు కారణం వేరే. ఆమె తనకంటే బాగా ఆడుతుందని తుషార్‌కు చెప్పేశాడు కదా. ఆమె కనబడితే చేతికి కర్ర ఇస్తారు. అయినా సముద్రం చూడాలని సంచి సర్దుకున్న మనిషిని రావద్దనలేకపోయాడు.

తీరా వెళ్లి చూస్తే ఆ మైదానం వీడియోల్లో చూసినంత సులువుగా లేదు. కొండ అంచు మీద పచ్చటి గడ్డి, కింద నల్లటి రాళ్లను కొట్టుకుంటున్న సముద్రం. ఎక్కడ చూసినా మనిషి లోతు ఇసుక గుంటలు. ఒకచోట అయితే సముద్రం నేలను చీల్చుకుని లోపలికి వచ్చింది, బంతిని ఆ నీళ్ల మీదుగా అవతలి ఒడ్డున ఉన్న జెండా దగ్గరికి కొట్టాలట. గాలి సంగతి చెప్పనక్కర్లేదు. అది బంతుల్ని తనకు ఇష్టమైన చోటికి తీసుకుపోతోంది.

కంపెనీ యజమానురాలు మేఘన జుట్టు వెనక్కి కట్టుకుంటూ ఎదురొచ్చింది. మాట మెత్తన, చూపు చురుకు.

"మీ ఆవిడ ఏరి? నాతో జోడీగా ఆడతారని ఆశపడ్డానే!"

"ఆమెకు జరమొచ్చింది మేడం. సోలాపూర్‌లనే ఉన్నది," అన్నాడు రామచంద్రం. ఆ సమయానికి ఆమె హోటల్ గది కిటికీలోంచి జీవితంలో మొదటిసారి సముద్రాన్ని చూస్తోంది, ఒక్కతే.

ఆట మొదలైంది. రామచంద్రం మొదటి దెబ్బ గాలిని కొట్టింది. రెండోది నేలను కొట్టింది, గడ్డిపెళ్ల లేచి తుషార్ చొక్కా మీద పడింది. మూడోది బంతికే తగిలింది గానీ, అది సముద్రంలోకి వెళ్లి మళ్లీ కనబడలేదు.

"గాలి అలవాటు కావాలి," అని తుషార్ సర్దిచెప్పాడు.

"మా సోలాపూర్‌ల గాలి గింత తెలివైంది కాదు సాబ్," అన్నాడు రామచంద్రం. అందరూ నవ్వారు. బయటపడ్డాననుకున్నాడు. తర్వాతి బంతి ఇసుక గుంటలో పడింది. దాని వెంట అతనూ దిగాడు. ఎంత కొట్టినా ఇసుకే లేస్తోంది, బంతి కదలదు. జుట్టు నిండా, నోటి నిండా ఇసుక. ఒంగి మరో దెబ్బ కొట్టబోతే ప్యాంటు వెనక చిరిగింది. మిగతావాళ్లు మర్యాద కొద్దీ సముద్రం వైపు తిరిగారు.

అదిగో, అప్పుడు వచ్చింది గోదావరి. ఎండకు నెత్తి మీద తువ్వాల కప్పుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో, గడ్డి అడ్డంగా తొక్కుకుంటూ. పొద్దున అతనేమీ తినలేదు. తిండి లేకపోతే అతనికి కళ్లు తిరుగుతాయి. సోలాపూర్ నుంచి కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి తెచ్చింది.

"ఎవరీమె?" అని మేఘన అడిగింది.

రామచంద్రం గుంటలోంచి తలెత్తి చూశాడు. భార్య అంటే జ్వరం అబద్ధమవుతుంది. జ్వరం అబద్ధమైతే ఆమె ఆడాలి. ఆమె ఆడలేకపోతే ఖాందాన్ అబద్ధం, ఆర్డరు హుళక్కి. ఈ లెక్కంతా ఒక్క క్షణంలో నడిచింది. నోరు దాని పని అది చేసేసింది.

"మా కార్ఖానాల పనిచేసే కామ్‌గార్ మేడం."

గోదావరి ఆగిపోయింది. ఆమెకు మరాఠీ అతనికంటే బాగా వచ్చు. అతని ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉండుంటే అతను తర్వాత హాయిగా నిద్రపోయేవాడు.

"అవును బాయీ," అంది గోదావరి. "ఈన మా మాలక్."

మేఘన సంతోషించింది. సరుకు కొనేముందు పనివాళ్ల బాగోగులు కనుక్కోవడం ఆమెకు పట్టుదల. "ఎప్పటి నుంచి చేస్తున్నావు?"

"పెండ్లయిన తెల్లారి సంది."

"ఏం పని?"

"కండెలు చుట్టుత, అంచులు కుడుత, మడతలు పెడ్త. పనోళ్లందరికి చాయ్ పెడ్త. మాలక్ తల్లికి కాళ్లొత్తుడు సుత నేనే, ఆమె పోయేదాంక."

మేఘన కనుబొమలు ముడిపడ్డాయి. "నెల పగార్ ఎంత?"

గోదావరి నిజంగానే ఆలోచించింది. "పగారా? గిప్పటిదాంక గా ముచ్చటనే రాలె బాయీ."

"సెలవులు, సుట్టీలు?"

"గిదే మొదటిది."

"మరి రోజూ ఇంటికి ఎప్పుడు పోతావు?"

"ఇంటికి పోవుడు లేదు. ఆడనే ఉంట."

తుషార్ నోరు తెరుచుకుని రామచంద్రాన్ని చూశాడు. ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అదే అతన్ని కోసింది. 'ఆమె నా పెండ్లాం' అన్న మాట గొంతులో ఇసుకతో పాటు అడ్డం పడింది. ఏం చేయాలో తోచక, కళ్లు మూసుకుని కర్ర ఊపి కొట్టాడు. బంతి ఇసుకలోంచి లేచి, గాలినెక్కి, నేలను చీల్చుకొచ్చిన సముద్రాన్ని దాటి, జెండా పక్కన పడింది. ఆ రోజంతటిలో అలాంటి దెబ్బ ఎవరూ కొట్టలేదు. దాన్ని ఎవరూ చూడనూ లేదు. అందరూ గోదావరి వైపే చూస్తున్నారు.

సాయంత్రం మేఘన అతన్ని పిలిచింది. "మీ తువ్వాళ్లు బాగున్నాయి. ఆర్డరు ఇస్తాను. కానీ ఆమె పగార్ నెలనెలా ఆమె బ్యాంకు ఖాతాలో పడాలి. వారానికో సుట్టీ ఇవ్వాలి. మా మనిషి వచ్చి చూస్తుంది. ఒక్క నెల తప్పినా ఆర్డరు రద్దు."

తిరుగు ప్రయాణంలో బస్సు కొండలు దిగి, చెరుకుతోటలు దాటేదాకా గోదావరి కిటికీలోంచి బయటకే చూస్తోంది. అతనే కదిపాడు.

"కోపమొచ్చిందానె?"

"నాకెందుకు కోపం సేఠ్?"

ఆ 'సేఠ్' సోలాపూర్ దాకా అతని పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

అశోక్ చౌక్‌లో బ్యాండు సిద్ధంగా ఉంది. లింగయ్య దండ వేసి, "ఎన్ని గోల్స్ కొట్టినవ్ తమ్మీ?" అన్నాడు. రామచంద్రం తల వంచుకున్నాడు. అందరూ దాన్ని వినయమనుకుని ఇంకాస్త గట్టిగా చప్పట్లు కొట్టారు.

పగార్ పడటం మొదలైంది. వారానికో రోజు గోదావరి పొద్దున్నే తయారై బాలమణితో కలిసి సిటీ బస్సెక్కేది. ఎక్కడికి వెళ్లేదో చెప్పేది కాదు. మాలక్‌కు చెప్పాల్సిన పని లేదు కదా. ఆ రోజుల్లో రామచంద్రం చల్లారిన పొయ్యి ముందు కూర్చునేవాడు. ఇల్లూ కార్ఖానా మధ్య తలుపు మొదటిసారి మూసి ఉండేది. ఇన్నేళ్లు ఆమె అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగిందో అప్పుడు గుర్తుకొచ్చేది. ఆ గుంటలో నిలబడి ఆ ఒక్క మాట అనుంటే ఏం పోయేది? ఆర్డరు పోయేది. పోతే పోయేది.

కంపెనీ మనిషి రానే వచ్చింది. పేరు తృప్తి, పుణె పిల్ల. పనివాళ్లను ఒక్కొక్కరినే పలకరించి గోదావరి దగ్గరికి వచ్చేసరికి రామచంద్రం ఇక ఉండబట్టలేకపోయాడు. మగ్గాలన్నీ ఆపించాడు. ఈసారి ఎవరూ తప్పు వినకూడదు.

"మేడం, ఆనాడు నేను అబద్ధమాడిన. ఈమె కామ్‌గార్ కాదు. నా పెండ్లాం. నాతోని కార్ఖానా నిలబెట్టిన మనిషి. మీ ఆర్డర్ ఉన్నా సరే, పోయినా సరే."

పనివాళ్లు నేల చూపులు చూశారు. తృప్తి గోదావరి వైపు తిరిగింది. "నిజమా బాయీ?"

గోదావరి చేతిలోని తువ్వాలను మడిచి పక్కన పెట్టింది.

"లేదు మేడం. నేను కామ్‌గార్‌నే. మాలక్ గట్లనే అంటడు." తర్వాత తృప్తికి అర్థం కాని తెలుగులో, మెల్లగా అతనికి మాత్రమే చెప్పింది. "గీ మాట ఆనాడు ఆడనే అనాల్సుండె."

అతను తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. తృప్తి అతన్ని పక్కకు పిలిచి, పనికొచ్చే ఆడవాళ్లను పెళ్లామంటూ ఇంకెప్పుడూ అలా మాట్లాడవద్దని గట్టిగా హెచ్చరించింది.

రామచంద్రం క్షమాపణ చెప్పి, కామ్‌గార్లందరికీ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.