ఫుట్‌బాల్‌కే మీ మద్దతు

శనివారం పొద్దుటి కోసం సలాహుద్దీన్ సార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కాలేజీ గ్రౌండ్‌లో అమ్మాయిల ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలవ్వాలి. చూడటానికి ఇబ్రహీంపట్నం జనం కొంతమందైనా రావాలి. వచ్చిన జనాన్ని కాలేజీ కరస్పాండెంట్ జానయ్య తన కళ్ళతో చూడాలి. చూసి, ఖుష్బూను కోచ్‌గా పెట్టుకోవాలి. ఇందులో బెడిసికొట్టడానికి ఏముందని ఆయన అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

సలాహుద్దీన్ ఆ డిగ్రీ కాలేజీలో పీడీ, అంటే ఆటల మాస్టారు. ఆయనకు నిజంగా వచ్చిన ఆట వాలీబాల్. అమ్మాయిలు మాకు ఫుట్‌బాలే కావాలని పట్టుబడితే కాదనలేక, ఫోన్‌లో వీడియోలు చూసి తను నేర్చుకున్నంత వాళ్ళకు నేర్పాడు. పోయిన ఏడాది యూనివర్సిటీ పోటీలకు తీసుకెళ్ళాడు కూడా. ఎన్ని గోల్స్ తేడాతో ఓడిపోయారో ఆయన ఇంట్లో భార్యకు సైతం చెప్పలేదు. తిరిగొచ్చే బస్సులో పిల్లలు జెర్సీలు కనబడకుండా చున్నీలు కప్పుకుని కూర్చున్నారు. వీళ్ళకు ఆట తెలిసిన మనిషి కావాలి, నేను చాలను అని ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. చాలనని ఒప్పుకునే మాస్టార్లు ఈ కాలంలో తక్కువే.

ఆట తెలిసిన మనిషి దగ్గర్లోనే దొరికింది. ఖుష్బూది మంచాల. యూనివర్సిటీ జట్టుకు ఆడింది, కోచింగ్ సర్టిఫికెట్ ఉంది. అన్నీ ఉన్నా కోచ్ ఉద్యోగమే లేక, కొంగరకలాన్ వైపు ఒక కంపెనీలో టెంపరరీగా పనిచేస్తోంది. ఇప్పుడు ఆ కంపెనీవాళ్ళు పర్మినెంట్ చేస్తామన్నారు. శనివారం సాయంత్రంలోగా జవాబు చెప్పమన్నారు. షిఫ్టుల ఉద్యోగం. అందులో కుదురుకుంటే ఇక గ్రౌండ్ మొహం చూసే తీరిక ఉండదు.

"సార్, మీరు అవునంటే నేను కంపెనీకి కాదంట. మీరు చెప్పకుంటే మాత్రం ఇగ నా బూట్లు అటక మీదికే," అంది ఖుష్బూ.

సలాహుద్దీన్ ఆ మాట పట్టుకుని జానయ్య దగ్గరికి వెళ్ళాడు. జానయ్య చెడ్డవాడు కాదు. కాకపోతే ఎవరూ చూడని పని చేయడం ఆయనకు ఇష్టం ఉండదు.

"ఆడివిల్లల ఫుట్‌బాల్ ఎవలు చూస్తరు సార్? మనూరోళ్ళు గ్రౌండ్‌కు వస్తే చెప్పు, కోచ్‌ను పెడ్త. ఎవ్వలు రాకుంటే టీమే బంద్," అన్నాడు.

జనం రావాలంటే ఫ్లెక్సీ కట్టాలి. శుక్రవారం సాయంత్రం సలాహుద్దీన్ ఫ్లెక్సీల సల్మాన్‌కు ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపాడు. "సల్మాన్ భాయ్, జానయ్య సార్ ఫోటో పెట్టు. పక్కన ఒక ఫుట్‌బాల్ పెట్టు. ఫుట్‌బాల్‌కు మీ మద్దతు కావాలె అని రాయి. శనివారం పది గంటలకు కాలేజీ గ్రౌండ్ అని కింద వెయ్యి. పొద్దుగాల్ల చౌరస్తల కట్టాలె."

ఆ వారం మున్సిపల్ ఎన్నికలకు నామినేషన్లు పడుతున్నాయి. సల్మాన్ కంప్యూటర్‌లో ఒకటే డిజైన్ తిరుగుతోంది. మధ్యలో దండం పెట్టే మనిషి, కుడివైపు గుండ్రంలో గుర్తు, కింద మద్దతు. మనిషిని మార్చడం, గుర్తు మార్చడం, అచ్చుకు వదలడం. జానయ్య దండం పెట్టిన ఫోటో పాత క్రిస్మస్ శుభాకాంక్షల ఫ్లెక్సీలో దొరికింది. గుండ్రంలో ఫుట్‌బాల్ చక్కగా ఇమిడింది. పైన "మన జానయ్యన్న" అని అభిమానం కొద్దీ వేశాడు. "ఫుట్‌బాల్‌కు" అంటే బలం చాలలేదనిపించి, "కు" తీసేసి "కే" పెట్టాడు. కింద వేయాల్సిన మ్యాచ్ సంగతి చోటు చాలక చీమల బారులా వచ్చింది.

తెల్లవారేసరికి చౌరస్తాలో జానయ్య నిలువెత్తున నిలబడి ఊరికి దండం పెడుతున్నాడు. "మన జానయ్యన్న. ఫుట్‌బాల్‌కే మీ మద్దతు!"

అసలు జానయ్య ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మొదట వచ్చింది నర్సింహమ్మ. ఆమె వెనక గల్లీలో ఉంటుంది. మనవరాలి సీటు కోసం వచ్చిందేమో అనుకుని ఆయన కుర్చీ చూపించాడు.

"కూసునేతందుకు రాలే జానయ్యా. మా గల్లీల మోరీ నిండి ఇంట్లకు వస్తుంది. నువ్వు గెలిచినంక ముందు గదే తీపియ్యాలె."

"నేను గెలుసుడేందవ్వా?"

"గెలుస్తవ్ తియ్యి. మా ఇంట్ల ఓట్లన్ని బంతికే."

జానయ్య ఆమెకు ఎండదెబ్బ తగిలిందేమోనని జాలిపడ్డాడు. ఆమె వెళ్ళేలోగా ఇంకో నలుగురు వచ్చి నమస్తే పెట్టారు. ఒకాయన శాలువా కూడా కప్పాడు. ఎందుకని అడిగేలోపే లోపలి నుంచి ఆయన భార్య ప్రేమమ్మ చేతిలో ఫోన్‌తో బయటికి వచ్చింది. ఫోన్‌లో ఆమె తమ్ముడు మత్తయి. ఏ పార్టీ టికెట్టూ రాక ఇండిపెండెంట్‌గా వీళ్ళుండే వార్డు నుంచే నామినేషన్ వేసినవాడు. బావ మద్దతు తనకేనని ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నవాడు.

"ఏమయ్యా, నా తమ్ముని మీదనే పోటీకి నిలవడ్తవా?"

"ఎవలు నిలవడ్డరే?"

"చౌరస్తల నిలవడ్డవ్ గదా, దండం పెట్టుకుంట! నాతోటి ఒక్క మాటన్న చెప్పినవా?"

జానయ్య ఫోన్ అందుకుని మత్తయి పంపిన ఫ్లెక్సీ బొమ్మ చూశాడు. కాసేపు తన మొహాన్ని తనే ఎగాదిగా చూసుకున్నాడు. ఆ తర్వాత చెప్పులు ఏవి ముందు దొరికితే అవి వేసుకుని కాలేజీకి పరుగెత్తాడు. అవి ప్రేమమ్మ చెప్పులని దారిలో ఎవరూ చెప్పలేదు. కొత్త అభ్యర్థితో అలాంటి విషయాలు ఎవరు మాట్లాడతారు?

కాలేజీ గేటు దగ్గర మత్తయి అప్పటికే తన మనుషులతో నిలబడి ఉన్నాడు. బావాబామ్మర్దుల గొడవ చూడటానికి చౌరస్తా నుంచి జనం వెంట వచ్చారు. మంచాల బస్సు దిగినవాళ్ళు కూడా ఏదో జరుగుతోందని ఇటే నడిచారు. సలాహుద్దీన్ స్టాఫ్ రూమ్ కిటికీలోంచి ఆ జనాన్ని చూసి సంతోషం పట్టలేకపోయాడు.

"చూసినవా బిడ్డా, మన ఆటకు ఎంతమంది వచ్చిన్రో!"

ఖుష్బూ కిటికీ దగ్గరికి వచ్చింది. "సార్, వాళ్ళు ఆటకు వచ్చినట్టు లేదు. ఒకాయన డప్పు తెచ్చిండు."

గేటు దగ్గర జానయ్య గొంతు చించుకుంటున్నాడు. "నేను నిలవడ్తలేనని చెప్తున్న గదా!"

"గట్లనే అంటరు," అన్నాడు జనంలో ఒకడు. "మొన్న మత్తయన్న గూడ గిట్లనే అన్నడు."

"బావా, నాకు మాటిచ్చి నువ్వే గుర్తు ఏసుకుంటివి," అన్నాడు మత్తయి. అతని గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. "పేపర్లు ఎప్పుడేసినవ్? అక్కకు గూడ చెప్పలేదంట."

జానయ్య ఒట్టు వేస్తే జనం నవ్వారు. కోప్పడితే జిందాబాద్ కొట్టారు. ఆఖరికి ఆయన వెనక్కి తిరిగి అరిచాడు. "సలాహుద్దీన్ సార్! గీ ఫుట్‌బాల్ ఏందో నువ్వే చెప్పు వీళ్ళకు!"

సలాహుద్దీన్‌కు సంగతి అప్పుడు తెలిసింది. ఖుష్బూను వెంటబెట్టుకుని బయటికి పరుగెత్తాడు. ఇక్కడ మాటలతో అయ్యేది ఏమీ లేదని మాత్రం తోచింది. ఫుట్‌బాల్ అంటే ఏమిటో చూపించాలి. మహేశ్వరం నుంచి రావాల్సిన జట్టు అప్పటికే వచ్చి చెట్టు కింద బూట్లు కట్టుకుంటోంది. ఆయన విజిల్ ఊదాడు. కాలేజీ అమ్మాయిలు ఒకే రంగు జెర్సీల్లో, ముందు ఒకమ్మాయి బంతి పైకెత్తి పట్టుకుని, వరసగా గ్రౌండ్‌లోకి పరుగెత్తారు.

డప్పు మోగింది. "జానయ్యన్న జిందాబాద్! ఫుట్‌బాల్‌కే మన ఓటు!"

"ర్యాలీ గూడ తీస్తున్నవా బావా?" అన్నాడు మత్తయి.

సరిగ్గా అప్పుడే ఎన్నికల కోడ్ చూసే అధికారి జీపు గేటులోకి వచ్చింది. పక్కన వీడియో కెమెరా పట్టుకున్న మనిషి. అధికారి నెమ్మదస్తుడు. దిగి గ్రౌండ్ చూశాడు, డప్పు చూశాడు, జానయ్య కాళ్ళకున్న చెప్పులు చూశాడు.

"మీరేనా జానయ్య? పర్మిషన్ లేకుండా ఫ్లెక్సీ కట్టారు. పర్మిషన్ లేకుండా ర్యాలీ తీస్తున్నారు. అభ్యర్థుల్లో మీ పేరే లేదు. మేము గుర్తులు ఇంకా ఎవరికీ ఇవ్వనే లేదు, మీరు ముందే వేసుకున్నారు. నా సర్వీసులో ఇది మొదటిసారి."

"సార్, గది గుర్తు కాదు. ఆట! మా కాలేజీకి ఫుట్‌బాల్ టీమ్ ఉన్నది."

"అందరూ ఏదో ఒకటి చెప్తారు. నిజంగా టీమ్ ఉంటే ఆట తెలిసినవాళ్ళు ఉండాలి కదా. ఆఫ్‌సైడ్ అంటే ఏంటి?"

జానయ్య సలాహుద్దీన్ వైపు చూశాడు. సలాహుద్దీన్ ఆ వీడియో మూడుసార్లు చూశాడు గానీ, మూడుసార్లూ సగంలో నిద్రపోయాడు. ఆయన ఖుష్బూ వైపు చూశాడు.

ఖుష్బూ ముందుకు వచ్చింది. "బాల్ ఇంక రాకముందే, అవతలోళ్ళను దాటిపోయి వాళ్ళ గోల్ కాడ కాపు కాసుడు సార్. అది చెల్లది."

అధికారి ఒక్క క్షణం ఆలోచించాడు. "అంటే నామినేషన్ వేయకముందే ఫ్లెక్సీ కట్టినట్టు."

"అవ్ సార్. గట్లనే."

జనం గొల్లున నవ్వారు. మత్తయి కూడా నవ్వాపుకోలేకపోయాడు. అధికారి మాత్రం నవ్వలేదు. "ఈ అమ్మాయి ఎవరు?"

అందరూ జానయ్య వైపు తిరిగారు. జానయ్యకు తన ముందున్న దారులు రెండూ స్పష్టంగా కనిపించాయి. ఒక దారిలో కేసు ఉంది, ఇంట్లో ప్రేమమ్మ ఉంది. రెండో దారిలో ఖుష్బూ ఉంది.

"మా కోచ్ సార్! కోచ్ లేకుంట టీమ్ ఉంటదా?"

"ఎప్పటి నుంచి?"

"ఇయ్యాల్టి నుంచి," అంది ఖుష్బూ. అబద్ధం ఆడటం ఆమెకు రాదు. జానయ్య కళ్ళు మూసుకున్నాడు.

"అపాయింట్‌మెంట్ ఆర్డర్?"

"టైప్ అయితున్నది సార్," అన్నాడు సలాహుద్దీన్. ఆఫీసులో కంప్యూటర్ ఇంకా ఆన్ చేయలేదు.

"అయితే కెమెరా ముందు చెప్పండి," అన్నాడు అధికారి. జానయ్య శాలువా సర్దుకుని, కెమెరా వైపు చూస్తూ, ఖుష్బూ తమ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ అనీ, ఈ ఏడే కాదు వచ్చే ఏళ్ళలోనూ టీమ్ నడుస్తుందనీ, తనకు ఏ పదవీ అక్కర్లేదనీ గడగడా చెప్పేశాడు. ఖుష్బూకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కకు వెళ్ళి కంపెనీకి ఫోన్ చేసింది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట ఇంత గందరగోళంలో దొరుకుతుందని ఆమె అనుకోలేదు. అయినా దొరికింది, అంతే చాలు.

ఫ్లెక్సీ దింపించమని చెప్పి, ఆట ఆడుకోమని అధికారి వెళ్ళిపోయాడు. జనం మాత్రం వెళ్ళలేదు. వచ్చినందుకు ఏదో ఒకటి చూసే పోదామని గట్టు మీద కూర్చున్నారు. కాలేజీ అమ్మాయిలు ఒక గోల్ కొడితే డప్పు ఆగకుండా మోగింది. నర్సింహమ్మ లేచి నిలబడి ఈల వేసింది. చివరికి కాలేజీ జట్టు ఓడిపోయింది గానీ, ఎంత తేడాతో ఓడిందో సలాహుద్దీన్ ఈసారి ఎదురైనవాళ్ళందరికీ చెప్పాడు.

జానయ్య ఇంటికి వెళ్ళి ప్రేమమ్మ చెప్పులు ఆమెకు ఇచ్చి, తన ఓటు మత్తయికేనని బైబిల్ మీద చేయి పెట్టి చెప్పాడు. గొడవ అక్కడితో తీరింది. తీరనిది మత్తయి బుర్రలో మొదలైన ఆలోచన. ఒక్క పూటలో ఊరంతా ఫుట్‌బాల్‌కే ఓటని అరిచింది. ఆ అరుపు వృథా పోనివ్వడం అతనికి తప్పుగా తోచింది.

గుర్తులు ఇచ్చే రోజు మత్తయి జాబితాలో వెతికి మరీ ఫుట్‌బాల్ తీసుకున్నాడు. ఆ మర్నాడే అధికారి మళ్ళీ కాలేజీకి వచ్చాడు. అప్పుడు గ్రౌండ్‌లో ఖుష్బూ అమ్మాయిలతో పాసింగ్ చేయిస్తోంది.

"ఈ కాలేజీలో పోలింగ్ బూత్ ఉంది. ఫుట్‌బాల్ ఇప్పుడు ఒక అభ్యర్థి గుర్తు. పోలింగ్ అయిపోయేదాకా ఇక్కడ ఎవరికీ కనబడకూడదు. విగ్రహాలకు ముసుగు వేయించడం లేదా, ఇదీ అంతే."

"మరి నేను సార్?" అంది ఖుష్బూ బెదురుగా.

"మీరు గుర్తు కాదు. మీరు ఉండొచ్చు."

ఖుష్బూ కోచ్‌గా చేసిన మొదటి పని ఉన్న ఫుట్‌బాళ్ళన్నీ ఏరి బీరువాలో పెట్టి తాళం వేయడం. అమ్మాయిలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పుడు సలాహుద్దీన్ లోపలికి వెళ్ళి, బట్టతో దుమ్ము తుడుచుకుంటూ ఒక పాత వాలీబాల్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"గీదాంతోని తన్నుకోండ్రి బిడ్డా, జర మెల్లగ."

"ఇది ఎవలి గుర్తు కాదు గదా సార్?"

"ఎన్నో ఏండ్ల సంది నా గుర్తు."

అధికారి అభ్యర్థుల జాబితా తీసి పైనుంచి కిందిదాకా చూసి, సలాహుద్దీన్ నామినేషన్ వేయలేదు కాబట్టి తనకు అభ్యంతరం లేదన్నాడు.