మా ఇంటిల్లిపాదీ మోకాలు

యాభై ఐదు దాటిన ప్రతి మనిషికీ ఒక మోకాలి నొప్పి తప్పనిసరిగా ఉండాలి. లేనివాళ్ళకు ఎవరైనా పూనుకుని ఇప్పించాలి!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. నాకు యాభై ఏడేళ్ళు. ఆరు నెలలుగా మోకాలి నొప్పి అనే మహాభాగ్యాన్ని అనుభవిస్తున్నాను. ఈ ఆరు నెలల్లో నాకు జరిగిన మర్యాద అంతకుముందు జన్మలో జరగలేదు. ఒకప్పుడు నేను ఇంట్లో ఉన్నానో లేదో తెలియాలంటే, వంటింట్లో గిన్నెల చప్పుడు వస్తోందా అని చెవి ఒగ్గేవాళ్ళు. ఇప్పుడో? కుర్చీలోంచి లేవబోతే చాలు, ఒకరు "ఆగు!" అనీ ఇంకొకరు "నడువు!" అనీ ఒకేసారి కేకలు పెడతారు. ఒక మామూలు ఆడమనిషి లేచి నిలబడడం ఇంత పెద్ద వార్త కావడం ఎక్కడైనా చూశారా?

ఆ కేకలు పెట్టేవాళ్ళు ఎవరో ముందు చెప్పేస్తాను. ఒకరు మావారు. రిటైరైన సర్వేయరు. ముప్పై రెండేళ్ళు గొలుసు పట్టుకుని భూమి కొలిచి, ఇప్పుడు హాల్లో పడక్కుర్చీలో కూర్చుని మిగతా ప్రపంచాన్ని కళ్ళతో కొలుస్తున్నారు. ఆయనది రెస్ట్ పార్టీ. అరిగిపోయిన వస్తువును వాడితే ఇంకా అరుగుతుందని ఆయన వాదన. ఇంకొకరు మా అమ్మాయి. చదువైపోయి, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తోంది. దానిది ఎక్సర్‌సైజ్ పార్టీ. వాడకుండా వదిలేసిన వస్తువు తుప్పు పడుతుందని దాని వాదన. గమనించారా? ఇద్దరికీ నేను వస్తువునే. ఆ ఒక్క విషయంలో మాత్రం మా ఇంట్లో అభిప్రాయభేదం లేదు.

నేనేం చేస్తుంటానంటారా? ఒక పబ్లిక్ లైబ్రరీలో పనిచేస్తాను. పాత పుస్తకాలన్నీ నేల కింద స్టాక్ రూమ్‌లో ఉంటాయి. పద్దెనిమిది మెట్లు. పైన ఎవరైనా పాత సంపుటం కావాలని చీటీ రాసిస్తే, దాన్ని పట్టుకుని కిందికి దిగి, వెతికి, దులిపి, పైకి తెచ్చివ్వాలి. రోజుకు పది పన్నెండు సార్లు. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ అదే పని, ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. కింద ఫోన్ సిగ్నల్ రాదు. ఇంట్లో ఈ సంగతి ఎప్పుడు చెప్పినా విసుక్కుంటున్నట్టు మొహం పెట్టి చెబుతాను. అంతకంటే గొప్ప సౌకర్యం నా ఉద్యోగంలో ఇంకోటి లేదని మీకొక్కరికే చెబుతున్నాను, బయటికి పొక్కనివ్వకండి.

సరే, నొప్పి మొదలయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరు గారు మావారిని చూసి "ఏ మోకాలు?" అని అడిగారు. మావారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. నేను టీ కప్పు పట్టుకుని, కుంటుకుంటూ, తన పడక్కుర్చీ వైపు వచ్చే దృశ్యాన్ని గుర్తు చేసుకున్నారు. గుర్తు చేసుకుని, "ఎడమదండీ" అన్నారు.

పాఠక మహాశయులారా, నొప్పి కుడి మోకాలికి!

ఎదురుగా వచ్చే మనిషి కుడికాలు, కూర్చుని చూసే మనిషికి ఎడమ వైపే కదా కనిపిస్తుంది. ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఎదురుగా వస్తుండగానే చూశారు. పక్కన నడిచింది తక్కువ. బజారుకు వెళ్ళినా నాలుగడుగులు ముందే ఉంటారు. సరిహద్దు రాయి జానెడు పక్కకు జరిగితే పసిగట్టే మనిషి, పెళ్ళాం కాళ్ళు రెండూ తారుమారు చేసేశారు! "అది కాదండీ..." అన్నాను. "నువ్వుండు, నేను చెబుతున్నాగా" అన్నారు.

"ఆవిడ ఎక్సర్‌సైజ్ ఏమైనా చేస్తారా?" అన్నారు డాక్టరు గారు.

"అబ్బే, ఏం లేదండీ. ఇల్లూ, లైబ్రరీ, అంతే."

అబద్ధం ఆడారనుకోకండి పాపం. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు.

ఎక్స్‌రే తీసే అతనికి కుడి మోకాలు చూపించాను. "చీటీలో ఎడమ అని ఉందమ్మా" అన్నాడు. ఇక నేనేం మాట్లాడను? చీటీలో ఉన్న పుస్తకమే తేవాలి, అడిగినవాళ్ళకు అసలు కావాల్సింది ఏదో మనం ఊహించకూడదు అన్నది మా లైబ్రరీ రూలు. ఇరవై తొమ్మిదేళ్ళు చీటీని నమ్ముకుని బతికినదాన్ని, చీటీతో తగువు పెట్టుకోలేకపోయాను. ఎడమకాలు చాపాను. డాక్టరు గారు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి ముచ్చటపడిపోయారు. "ఈ వయసులో ఇంత చక్కటి మోకాలు నేను చూడలేదు. అయినా నొప్పంటున్నారు కాబట్టి పూర్తిగా రెస్ట్ ఇవ్వండి" అన్నారు. మావారు ఎన్నికల్లో గెలిచినట్టు బయటికొచ్చారు.

అమ్మాయి ఊరుకుంటుందా? మర్నాడే ఫిజియోథెరపిస్టు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ ఫైలు చూసింది, ఎడమ అని చదువుకుంది, "కదపకపోతే బిగుసుకుపోతుంది. ఒంటికాలి మీద నిలబడి, నొప్పి కాలిని పొద్దున ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు ఎత్తండి" అంది. కాస్త ఊహించుకోండి. ఏ రోగమూ లేని ఎడమకాలు గాల్లో హాయిగా ఊయలూగుతుంది. దాని తరఫున నా బరువంతా నొప్పి ఉన్న కుడికాలు మోస్తుంది. నెల తిరిగేసరికి నా ఎడమకాలు ఫుట్‌బాల్ టీములోకి పంపించేంత గట్టిపడింది.

"నొప్పి కుడికాలికే తల్లీ" అని మొత్తుకున్నాను. అది వెంటనే ఫోన్లో చూసి, "అమ్మా, దాన్ని రిఫర్డ్ పెయిన్ అంటారు. జబ్బు ఒకచోట, నొప్పి ఇంకోచోట. నీకు కుడి అనిపిస్తుంది, అంతే" అంది. నా కాలి సంగతి నాకంటే ఫోనుకే ఎక్కువ తెలుసని తేలిపోయింది. చదువుకున్న పిల్లతో ఏం వాదిస్తాం?

అప్పుడు నేను తెలివిగా ఆలోచించాను. ఏ మోకాలైతేనేం? విశ్రాంతి అంటూ ఇస్తే మనిషి మొత్తానికీ కదా ఇస్తారు! ఎడమకాలు దిండు మీద పడుకుంటే, కుడికాలు ఒక్కతే లేచి వెళ్ళి వంట చెయ్యదు కదా! అనుకుని నోరు మూసుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

రెండు పార్టీలకూ రాజీ కుదిరింది. బేసి తేదీల్లో రెస్ట్, సరి తేదీల్లో ఎక్సర్‌సైజ్. గోడ మీద చార్టు కూడా వెలిసింది. అంతా బాగానే ఉంది కానీ నెలాఖరున ముప్పై ఒకటి వచ్చింది. దాని మర్నాడు ఒకటి. రెండూ బేసే! వరసగా రెండు రోజులు రెస్టా? అమ్మాయి ససేమిరా అంది. మావారు చార్టు మార్చేది లేదన్నారు. తండ్రీకూతుళ్ళు భోజనాల బల్ల దగ్గర గంటన్నర వాదించుకున్నారు. ఆ గంటన్నరా నేను నిలబడి వడ్డించాను.

బేసి తేదీ ఎలా గడుస్తుందో చెప్పమంటారా? పొద్దున్నే మావారు నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, "నువ్వు కదలడానికి వీల్లేదు" అని తలుపు దగ్గరగా వేసి వెళతారు. రెండు నిమిషాల్లో తలుపు తెరుచుకుంటుంది. "టీ పొడి ఎక్కడుంది?" చెబుతాను. తలుపు మూసుకుంటుంది. తెరుచుకుంటుంది. "ఆ డబ్బాలో లేదే?" ఆ డబ్బా కాదు, దాని వెనక డబ్బా. "పాలు పొంగితే ఏం చెయ్యాలి?" అని ఆయన అడగడం పూర్తయ్యేసరికే పాలు పొంగుతాయి. నేను లేస్తాను. "లేవకు లేవకు" అంటూ నా వెనకాలే వస్తారు. పూర్తి విశ్రాంతి తీసుకున్న ఒకరోజు నేను నలభై ఒక్కసార్లు లేచానని స్వయంగా ఆయనే లెక్కపెట్టి, క్రమశిక్షణ లేదని మందలించారు.

సరి తేదీలు అమ్మాయివి. నా చేతికి ఒక వాచీలాంటి పట్టీ తగిలించింది. అది అడుగులు లెక్కపెడుతుందట. అంట్లు తోమేటప్పుడు తడుస్తుందని దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెట్టేదాన్ని. వంటా, అంట్లూ, బట్టలూ, ఇల్లు తుడవడం, అన్నీ అది ఫ్రిజ్ మీద ఉండగానే జరిగేవి. బట్టల బకెట్ మోసుకుంటూ మేడెక్కుతుంటే అమ్మాయి ఫోనుకు కబురొచ్చేది, "మీ అమ్మ గంట నుంచి కదల్లేదు" అని. అది కిందనుంచి కేకేసేది, "అమ్మా, లేచి కాస్త నడువు!" ఇంకో చిత్రం. మా ఫ్రిజ్ పాతది, ఒక వారం ఆగినప్పుడల్లా గడగడా వణికింది. ఆ వణుకునంతా పట్టీ అడుగులుగా లెక్కేసింది. ఆ వారం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నడిచింది ఫ్రిజ్! అమ్మాయి ఆ అంకెలు చూసి నన్ను మెచ్చుకుంది కూడా.

ఇలా ఐదు నెలలు గడిచాక కుడి మోకాలు బూరెలా వాచింది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వస్తోంది. సంపుటం చేతిలో ఉంటే గోడ పట్టుకోవడం కుదరదు. మా హెడ్ లైబ్రేరియన్ మంచావిడ, ఒక శనివారం పిలిచి, "సోమవారంలోగా ఒక మాట చెప్పండి, స్టాక్ రూమ్ చూసుకోగలరా లేదా?" అంది.

ఆదివారం మధ్యాహ్నం మావారు తెల్లకాయితం మీద గుండ్రటి దస్తూరీతో స్వచ్ఛంద పదవీ విరమణ దరఖాస్తు రాసుకొచ్చారు. నేను సంతకం పెట్టడమే తరువాయి. "ఇన్నేళ్ళు కష్టపడ్డావు. ఇక ఇంటిపట్టునే ఉండి హాయిగా రెస్ట్ తీసుకో" అన్నారు. ప్రేమగానే అన్నారు. అదే వచ్చిన చిక్కు! ఆశ్చర్యంగా అమ్మాయి కూడా తలూపింది. ఇంటిపట్టునే ఉంటే ఎక్సర్‌సైజుకు టైము దొరుకుతుందట.

నాకు భయం వేసింది. నిజం చెబుతున్నాను. నెలకు పదిహేను రోజులు తట్టుకోలేని రెస్టును ఇక రోజూ తట్టుకోవాలా? నాకు ఆ పద్దెనిమిది మెట్లు కావాలి. వాటి కింద, పాత కాయితాల వాసన మధ్య, ఇనప స్టూలు మీద ఐదు నిమిషాలు కూర్చుంటాను. అక్కడ నన్ను ఎవరూ పిలవరు. నా బతుకులో నాకు దొరికే విశ్రాంతి అదొక్కటే. దాన్ని నా దగ్గర్నుంచి విశ్రాంతి పేరుతోనే లాక్కుంటున్నారు.

మావారు దరఖాస్తు పైకి చదువుతున్నారు. "నా ఎడమ మోకాలు..."

"కుడి" అన్నాను. ఇంట్లో నేను ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

అమ్మాయి "రిఫర్డ్ పె..." అని ఆగిపోయింది. మావారు విసుగ్గా లేచి, ఎడమేదో కుడేదో నాకు నేర్పించడానికి నా పక్కకొచ్చి నిలబడ్డారు. నాలాగే గోడవైపు తిరిగారు. తన కాళ్ళు చూసుకున్నారు. నా కాళ్ళు చూశారు. మళ్ళీ తన కాళ్ళు చూసుకున్నారు. ఆయన మొహంలో రంగులు మారాయి. మెల్లగా ఒంగి, గొంతుక్కూర్చుని, నా కుడి మోకాలి మీద చెయ్యి వేశారు. ఆరు నెలల్లో ఆ మోకాలిని నేను కాక ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఇంత వాచిందేమే!" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

తర్వాత ఆయన లేవబోయారు.

కటుక్కుమంది! ఆయన మోకాలు.

ఆ మోకాలి విషయంలో మా ఇంట్లో ఎంతసేపు చర్చ జరిగిందనుకుంటున్నారు? అసలు జరగనే లేదు! "కదలకు నాన్నా!" అంటూ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. పడక్కుర్చీలో పడుకోబెట్టింది. దిండొచ్చింది, పీటొచ్చింది, ఫ్యాను ఆయన వైపు తిరిగింది. చార్టు లేదు, బేసి లేదు, సరి లేదు. పట్టీ ఊసే లేదు. తుప్పు పట్టిపోతారని ఒక్కరూ కంగారుపడలేదు. ఆయన మోకాలికి ఎక్సర్‌సైజ్ పార్టీ అభ్యర్థినే నిలబెట్టలేదు! రెస్ట్ ఏకగ్రీవం! అన్నీ అమర్చాక అమ్మాయి నావైపు తిరిగి, "అమ్మా, నాన్నకు టీ" అంది.

ఇద్దరు నిపుణులూ, ఒక ఎక్స్‌రే ఫిల్మూ, ఒక ఫోనూ కలిసి ఆరు నెలలు తేల్చలేనిది నాకు అర నిమిషంలో తేలిపోయింది. రెస్టా, ఎక్సర్‌సైజా అన్నది మోకాలికి ఏమయిందన్నదాన్ని బట్టి ఉండదు. అది ఎవరి మోకాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

దరఖాస్తు మీద సంతకం పెట్టలేదు. సోమవారం పొద్దున కుడి మోకాలికి గట్టిగా గుడ్డకట్టు కట్టుకున్నాను. ముందు డాక్టరు దగ్గరికి, ఈసారి ఒక్కదాన్నే, ఆ తర్వాత లైబ్రరీకి. సంచీ భుజాన వేసుకుని హాలు దాటుతుంటే పడక్కుర్చీలోంచి ఆయన తల ఎత్తి చూశారు.

"ఏమోయ్, వెళ్ళిపోతున్నావా? మరి నా టీ?"

"ఎక్సర్‌సైజ్ చెయ్యండి" అన్నాను, చెప్పులు వేసుకుంటూ.