దేవవ్వ బోటు షికారు

ఆదివారం పొద్దున తల్లిని బోటెక్కించాలి, నిజాంసాగర్ నీళ్లలో ఒక చుట్టు తిప్పాలి, దిగేలోపు ఆమెతో సరే అనిపించాలి. భీమేష్ పథకం ఇంతే. దుబాయిలో ఏళ్లతరబడి ఎవరో షేకు బోటును సముద్రతీరం వెంట నడిపినవాడు, ఇప్పుడు సొంతంగా ఒక పాత మోటారుబోటు కొన్నాడు. ఇక్కడే జనాన్ని తిప్పుకుంటూ బతుకుతానంటాడు. నీళ్లమీది బతుకేం బతుకంటుంది తల్లి దేవవ్వ. ఆమె కాదంటే బోటు అమ్మేసి మళ్లీ విమానం ఎక్కాల్సిందే. భర్త వెళ్లకుండా ఉండాలని సాయిలత మొక్కని దేవుడు లేడు.

కొత్త బండికి చేసినట్టే దేవవ్వ బోటుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. చక్రాలు లేవు కనుక వాటి కింద పెట్టే నిమ్మకాయలు మిగిలిపోయాయి. వెనక ఇంజనుకు ఎర్రతాడొకటి వేలాడుతోంది. ఇంతకన్నా వీలైన చోటు ఎక్కడ దొరుకుతుందని, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి దానికే కట్టింది. నిజానికి అది నడిపేవాడు చేతికి తగిలించుకోవలసిన తాడు. మనిషి నీళ్లలో పడితే దాని క్లిప్పు ఊడి ఇంజను ఆగిపోతుంది. తల్లి ముందు పనితనం చూపించే హడావిడిలో భీమేష్ దాన్ని తగిలించుకోలేదు.

బోటు బాగానే సాగింది. దేవవ్వ ముఖంలో నవ్వు కూడా మొదలైంది. నడిమధ్యకు వచ్చాక ఒక అల తగిలి బోటు ఎగిరింది. నిమ్మకాయల బరువుకు తాడు క్లిప్పు ఊడి, వాటితో సహా నీళ్లపాలైంది. ఇంజను టక్కున ఆగింది.

భీమేష్ పెట్రోలు చూశాడు, ఇంజను మూత విప్పాడు, స్టార్టు చేయబోయి చెమటలు కక్కాడు. ఫోను, వీడియో తీయమని ఒడ్డున సాయిలతకే ఇచ్చి వచ్చాడు. చేసేదిలేక తువాల విప్పి ఊపాడు.

సాయిలత మురిసిపోయింది. "అత్తమ్మ మస్తు ఖుషీగున్నది. ఈయన తువాల ఎట్ల ఊపుతుండో సూడుండ్రి!" అంటూ వీడియో చుట్టాలందరికీ పంపింది. గాలికి బోటు గుట్టచాటుకు కొట్టుకుపోయాక భయం పట్టుకుంది. పిట్లంలో ఉన్న అత్త తమ్ముడు సిద్దిరాములుకు ఫోను చేసింది.

"మామా, బోటు కనబడ్తలేదు."

ఆయన ఎల్లారెడ్డిలోని చుట్టాలకు చెప్పేటప్పటికి ఆ కబురులో బోటు తిరగబడింది. కబురు ఎల్లారెడ్డి నుంచి జుక్కల్ చేరేసరికి తల్లీకొడుకులిద్దరూ పోయారు. ఏడుస్తూ ఒడ్డుకు బయల్దేరిన చుట్టాలతో షేర్ ఆటోలు నిండాయి. సిద్దిరాములు ఎందుకైనా మంచిదని డప్పులవాళ్లను మాట్లాడుకుని మరీ వచ్చాడు.

గుట్టచాటున భీమేష్‌కు ఇంజను వెనక బోసిగా ఉన్న స్విచ్చు కనబడింది.

"అవ్వ, గీడ ఎర్రతాడుండాలె. ఏమైంది?"

"నిమ్మకాయలు గట్టిన. నీళ్లల్ల పడ్డయి. మంచిదే, దిష్టంత గంగల కల్సింది."

"అది లేకపోతే బండే నడ్వది అవ్వా!"

"గింత దారానికేనా గిట్ల మొత్తుకునుడు?" అంటూ ఆమె చీర అంచు చించి ఇచ్చింది. అతను దాన్ని స్విచ్చు మెడకు చుట్టి బిగించి, స్టార్టరు తాడు లాగాడు. ఇంజను అందుకుంది.

బోటు కనబడగానే సాయిలత ఒడ్డున కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చిన ఏడుపది. డప్పులవాళ్లు క్షణం తటపటాయించి పెళ్లి బారాత్ దరువు ఎత్తుకున్నారు.

దిగిన దేవవ్వ ఆ జనాన్ని అటునుంచి ఇటు చూసింది.

"దుబాయిల గిట్లనే ఆగిపోతే నీకోసం ఎవలొస్తుండెరా? నువ్వు యాడికి పోవద్దు బిడ్డా. ఆగినా మన నీళ్లల్లనే ఆగు."

 భీమేష్ తల్లి చేయి పట్టుకుని నిలబడ్డాడు. సాయిలత మాత్రం ఒక్క అంగలో వచ్చి అత్తను వాటేసుకుంది.

ఆ రోజు బోటు మళ్లీ ఆగలేదు, ఆటోల్లో అందరికంటే గట్టిగా ఏడ్చినవాళ్లే బోటెక్కే వరుసలో ముందు నిలబడ్డారు.